అమ్మ మోకాళ్ళు, నా సూదులు

మా అమ్మ చర్చిలో లేచి నిలబడి, "ఏ వైద్యుడూ చెయ్యలేని కార్యం నా ప్రభువు చేశాడు. నా మోకాళ్ళు బాగుచేశాడు" అని సాక్ష్యం చెప్పింది. ఆడవాళ్ళ వైపు బెంచీలో కూర్చున్న నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ మోకాళ్ళకి చలికాలం మొదలైనప్పటి నుంచీ వైద్యం చేస్తున్నది నేనే. ఆ సంగతి చర్చిలో సగం మందికి తెలుసు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. అందరూ "స్తోత్రం" అన్నారు, నేనూ అన్నాను. అనకపోతే ఇంకా అసహ్యంగా ఉంటుంది కదా!

బయటివాళ్ళు అంటే సరే, పోనీలే అనుకుంటాం. కన్నతల్లే నలుగురి ముందూ నా పరువు తీసేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

నా పేరు మహిమ. ఒంగోల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేశాను. డ్యూటీలు చేసీ చేసీ విసుగెత్తి మద్రాసు వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకున్నాను. తిరిగొచ్చి, చిలకలూరిపేట రోడ్డు పక్కన ఉన్న మా ఊళ్ళో, మా ఇంటి ముందు గదిలోనే బోర్డు పెట్టాను. మా వీధి చివర ఆటో నడిపే బుడే అనే కుర్రాడు ఆ బోర్డుని కూడబలుక్కుని చదివి, "చైనా వైద్యమా అక్కా? చైనా సరుక్కి గ్యారంటీ ఉండదుగా!" అన్నాడు. వీధంతా నవ్వింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీ చేతిలో ఫోను ఎక్కడిదిరా, మీ తాత చేయించాడా?" అన్నాను. దానికీ వీధంతా నవ్వింది.

అప్పట్నించీ వచ్చినవాళ్ళందరికీ ఒకటే పాఠం. ఇది చైనా వాళ్ళు రెండు వేల ఏళ్ళ పైనుంచీ చేస్తున్న వైద్యం. ఇంజెక్షన్ కాదు, సూదిలో మందేమీ ఉండదు. వెంట్రుకంత సన్నటి సూది, ఒకసారి వాడితే పారేస్తాను. మనిషి ఒంట్లో ప్రాణశక్తి కొన్ని దారుల వెంట పారుతూ ఉంటుందని వాళ్ళ నమ్మకం. దాన్ని 'చీ' అంటారు. ఆ పేరు వినగానే ఆడవాళ్ళు మూతికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. "నవ్వకండి. సాగర్ కాలువ తూముకి గుర్రపుడెక్క అడ్డం పడితే కింద పొలం ఎండుతుందా లేదా? అట్లాగే ఆ దారిలో అడ్డుపడితే నొప్పి. సూదితో ఆ అడ్డు తీస్తాం" అంటే మా వాళ్ళకి ఇట్టే అర్థమయ్యేది. సూది తగిలితే నరాలు కదిలి, ఒళ్ళే నొప్పికి మందు తయారుచేసుకుంటుందని కొందరు డాక్టర్లు చెప్పే మాట కూడా చెప్పేదాన్ని. కొన్ని నొప్పులకే ఇది పనిచేస్తుందనీ, అందరికీ ఒకేలా పనిచెయ్యదనీ మద్రాసులో మాకు మొదట్లోనే చెప్పారు. ఆ మాట మాత్రం కాస్త మెల్లిగా చెప్పేదాన్ని.

ఇందులో నాడి చూడాలి, నాలుక చూడాలి. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కాసేపు కదలకుండా కూర్చోవాలి. మిరప కళ్ళాల నుంచి నేరుగా వచ్చే ఆడవాళ్ళతో అదెక్కడ కుదురుతుంది? చీర మడతల్లో మిరప ఘాటు. ఒకళ్ళు తుమ్మితే గదంతా తుమ్ములే. ఒంటినిండా సూదులు పెట్టుకుని తుమ్మితే ఇంకేమన్నా ఉందా! "స్నానాలు చేసి రండే తల్లుల్లారా" అని మొత్తుకునేదాన్ని. ఎండబెట్టిన మాచిపత్రిని చుట్టలా చుట్టి, వెలిగించి, నొప్పి ఉన్నచోట సెగ చూపించడం కూడా ఈ వైద్యంలో ఒక భాగం. మొదటిసారి ఆ పొగ లేవగానే అమ్మ గోడ పట్టుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"ఏందే ఇది? వినాయకచవితికి పెట్టే పత్రి కాదటే? బైబిల్ ఉమన్ ఇంట్లో ధూపాలేస్తన్నారని ఊరంతా చెప్పుకుంటారు. కిటికీ ముయ్యి ముందు!"

మా అమ్మ పేరు దీనమ్మ. మా సంఘంలో బైబిల్ ఉమన్. ఎవరింట్లో జబ్బు చేసినా, కానుపు జరిగినా, చావు జరిగినా అమ్మ వెళ్ళి ప్రార్థన చెయ్యాల్సిందే. పొలాల గట్ల మీద నడిచి నడిచి, గచ్చు మీద మోకరించి మోకరించి ఆ మోకాళ్ళు అరిగిపోయాయి. ఆపరేషన్ మాట ఎత్తితే చెవులు మూసుకునేది. నేను బోర్డు పెట్టగానే అమ్మనే మొదట మంచం మీద పడుకోబెట్టాను. మోకాలి చిప్ప కింద అటూ ఇటూ రెండు గుంటలుంటాయి, వాటిని చైనా వాళ్ళు మోకాలి కళ్ళు అంటారు. అక్కడ గుచ్చాను. ఇంకొంచెం కిందికి, బయటివైపు ఒక చోటు ఉంది. అక్కడ సూది పెడితే అలిసిపోయిన మనిషి కూడా ఇంకో మూడు మైళ్ళు నడుస్తాడట, దాని పేరే అది. అమ్మతో చెబితే, "మూడు మైళ్ళు నడిచి ఎక్కడికి పోవాలే, చేతిపంపు దాకా పోతే చాలదూ" అంది.

సూదులు తీశాక అమ్మ మొహంలోకి చూస్తూ, "తగ్గింది కదమ్మా?" అనేదాన్ని.

"తగ్గిందే. తేలిగ్గా ఉంది" అనేది.

నాకెంత సంతోషమో! వచ్చిన ప్రతివాళ్ళతోనూ, "అనుమానముంటే మా అమ్మని అడగండి" అనేదాన్ని. అమ్మ గడప దగ్గర కూర్చుని తల ఊపేది. అట్లా నెమ్మదిగా మనుషులు రావడం మొదలుపెట్టారు.

ఇంతలో ఈస్టరుకి ముందు వచ్చే శ్రమదినాలు మొదలయ్యాయి. స్త్రీల సమాజం వాళ్ళు దీనమ్మగారి మోకాళ్ళ కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టారు. అవి కాగానే మా పాస్టరు ప్రేమదాసు అయ్యగారు చర్చిలో అందరి ముందూ, "ఎలా ఉందమ్మా?" అని అడిగారు. అమ్మ లేచి చెప్పిన సాక్ష్యం అదే. మర్నాటి నుంచి నా గదికి వచ్చేవాళ్ళు పలచబడ్డారు. అమ్మతో నేను అవసరానికి మించి మాట్లాడలేదు. మోకాళ్ళు బాగయ్యాయిగా, ఇక సూదులెందుకని అవీ మానేశాను. అమ్మ రమ్మనలేదు, నేను పిలవలేదు.

పుల్లమ్మ పిన్ని కూడా రావడం మానేసింది. మా సంఘం మనిషే, కళ్ళాల్లో కూలికి పోతుంది. కుడి భుజం పట్టేసి చెయ్యి లేచేది కాదు, కొప్పు కూడా కూతురు ముడెయ్యాల్సి వచ్చేది. ఒంటిచేత్తో పనిచేస్తే మేస్త్రి ఎన్నాళ్ళు ముఠాలో ఉంచుకుంటాడు? నా దగ్గరికి రావడం మొదలుపెట్టాక ఆ చెయ్యి కొంచెం కొంచెంగా లేచి చెవిదాకా వచ్చింది. చెవి అందిన రోజున కమ్మ తనే పెట్టుకుని, ఏడ్చి, నవ్వి, తుమ్మింది. అట్లాంటి మనిషి ఎందుకు మానేసిందా అని నేనే కళ్ళం దగ్గరికి వెళ్ళాను.

నేలంతా ఎర్రగా మిరపకాయలు పరిచి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నారు. పిన్ని ఎడం చేత్తో ఏరుతోంది, కుడి చెయ్యి ఒళ్ళో ఉంది.

"ఏం పిన్నీ, మొహమే కనపడట్లేదు?"

"కాయ రాశులు పడి ఉన్నయ్ కదా అమ్మాయ్. తీరికేదీ?"

"చెయ్యి ఎత్తు, చూద్దాం."

ఎత్తలేదు. పక్కవాళ్ళు వింటున్నారని చూసి, లేచి నన్ను కాయల మీద కప్పే పట్టాల చాటుకి తీసుకెళ్ళింది.

"మీ అమ్మకి ప్రార్థనతోనే తగ్గిందంటగా. ఆమె కోసం నేనూ పస్తున్నా. పన్లో పనిగా నా భుజం గురించి కూడా దేవుణ్ణి అడుక్కున్నా. నాకు తగ్గలా. అంటే నాలోనే ఏదో లోపముంది. విశ్వాసం చాల్లా నాకు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇప్పుడు మళ్ళీ సూదులంటా నీ దగ్గరికొస్తే దేవుణ్ణి నమ్మనట్టేగా? మనోళ్ళు చూస్తే ఏమనుకుంటారు? సిగ్గేస్తంది అమ్మాయ్, అడగమాక."

నాకు జాలేసింది. ఆ జాలి అడుగున, ఇక అమ్మతో పోట్లాడటానికి గట్టి కారణం దొరికిందన్న సంతోషం కూడా ఉంది. కళ్ళం నుంచి ఇంటికి వచ్చేదాకా ఏమేం అనాలో ఒకటికి రెండుసార్లు అనుకుంటూనే వచ్చాను.

అది శనివారం. మర్నాడు చర్చిలో బల్ల, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే రోజు. అమ్మ బల్లకి కట్టుకునే తెల్లచీర మంచం మీద పరిచి మడతలు సర్దుకుంటోంది.

"పుల్లమ్మ పిన్ని చెయ్యి మళ్ళీ పడిపోతోంది. నీ పుణ్యమే!" అన్నాను.

"నేనేం చేశానే?"

"ఏం చేశావా! ఏ వైద్యుడూ చెయ్యలేదని మైకులో చెప్పలా? మరి నేనెవర్ని? రోజూ నీ కాళ్ళ దగ్గర కూర్చుని గుచ్చింది ఎవరు? నీ మాట విని ఆవిడ తనకి విశ్వాసం లేదని కుమిలిపోతోంది. నా అన్నం తింటూ నా నోటికాడ కూడు తీసేస్తున్నావు కదే అమ్మా!"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అంటున్నప్పుడే తెలుసు. అయినా ఊరుకోలేదు.

అమ్మ చీర మడత పెట్టడం ఆపింది. "ఏం చెయ్యమంటావు?"

"రేపు లేచి నిజం చెప్పు."

"నిజమా?" అంది. నా మొహంలోకి కాసేపు అట్లాగే చూసింది. "నీ సూదుల వల్ల తగ్గిందని చెప్పాలా?"

"అదే కదా నిజం!"

"సరేలే. చెబుతాలే. అరవమాక, పక్కింటోళ్ళు వింటారు."

ఆదివారం అమ్మ మాట నిలబెట్టుకుంది. అయ్యగారు సాక్ష్యాలకి పిలవగానే కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది. "పోయినసారి సగమే చెప్పాను, క్షమించండి. దేవుడు నా బిడ్డ చేతికి ఒక విద్య ఇచ్చాడు. ఆ సూదులతోనే నా మోకాళ్ళు బాగుపడ్డాయి. సూదులు పెట్టించుకుంటే విశ్వాసం లేనట్టు కాదు. నొప్పులున్నోళ్ళు సిగ్గుపడమాకండి" అంది. అయ్యగారు కూడా తల ఊపి, వైద్యులూ దేవుడి పనిముట్లే అన్నారు. అందరూ స్తోత్రం చెప్పారు. పుల్లమ్మ పిన్ని వెనక్కి తిరిగి నా వైపు చూసి నవ్వింది. నేను బెంచీలో నిటారుగా కూర్చున్నాను. వెనక నవ్వినవాళ్ళు ఇప్పుడు నవ్వండి చూద్దాం అనుకున్నాను.

తర్వాత బల్ల. వరసలు వరసలుగా ముందుకెళ్ళి, బలిపీఠం ముందున్న చెక్క కటకటాల దగ్గర మోకరించాలి. మోకాళ్ళు బాగాలేనన్నాళ్ళూ అయ్యగారే బెంచీ దగ్గరికి వచ్చి అమ్మకి ఇచ్చేవారు. బాగయ్యానని రెండుసార్లు చెప్పుకున్న మనిషి ఇక బెంచీలో ఎట్లా కూర్చుంటుంది? వెళ్ళింది. మిగతావాళ్ళతో పాటు మోకరించింది. రొట్టె తీసుకుంది, గిన్నె తీసుకుంది. "సమాధానంతో వెళ్ళండి" అని అయ్యగారు దీవించి పంపగానే ఆ వరసంతా లేచింది. అమ్మ లేవలేదు.

ప్రార్థన చేసుకుంటోంది అనుకున్నాను. అందరూ అదే అనుకున్నారు. తర్వాతి వరసవాళ్ళు నిలబడి ఎదురుచూస్తున్నారు. అయ్యగారు చేతిలో గిన్నెతో ఆగిపోయారు. అప్పుడు చూశాను, అమ్మ రెండు చేతులూ కటకటాలని పట్టుకుని ఉన్నాయి. లేవబోయింది, సగం లేచి మళ్ళీ కూలబడింది. "అయ్యో, ప్రభువా" అని పళ్ళ మధ్య నుంచి వచ్చిన ఆ కేక ముందు బెంచీలవాళ్ళందరికీ వినపడింది.

పరిగెత్తాను. ఒక పక్క నేను, ఇంకో పక్క పుల్లమ్మ పిన్ని తన బాగున్న చేత్తో పట్టుకుని లేపాం. "ఏం లేదు, చీర కుచ్చెళ్ళు కాలికి అడ్డం పడ్డాయి" అని అమ్మ అందరికీ వినపడేట్టు అంది. పక్క తలుపులోంచి వరండాలోకి తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాం. పిన్ని మంచినీళ్ళ కోసం వెళ్ళింది.

నేను కింద కూర్చుని తెల్లచీర కుచ్చెళ్ళు పైకి జరిపాను. రెండు మోకాళ్ళూ వాచిపోయి ఉన్నాయి. ఈ పూట వాచినవి కావు.

"ఎప్పట్నించమ్మా, మళ్ళీ నొప్పి?"

"మళ్ళీ ఏందే? ఎప్పుడు తగ్గింది గనక?"

"తేలిగ్గా ఉందన్నావుగా, రోజూ!"

"సూది తీసి నా మొహం వంకే చూస్తా ఉంటావు. వచ్చినోళ్ళందరికీ మా అమ్మని అడగండంటావు. తగ్గలేదని ఎట్టా చెప్పనే? నీ బోర్డు ఏంగాను?"

"మరి చర్చిలో ఎందుకట్లా చెప్పావు?"

"ఆడోళ్ళందరూ ఎండల్లో కాయలు కోసుకుంటా నాకోసం పస్తులున్నారు. అయ్యగారు అందరి ముందూ ఎట్టా ఉందమ్మా అంటే, తగ్గలేదని చెప్పి దేవుడి పరువు నేను తియ్యనా?" మోకాలి మీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా రాసుకుంది. "మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని, రోజూ ఒకటి మింగి తిరుగుతన్నా. ఇయ్యాల బల్ల కదా, పరగడుపున ఉన్నా. ఖాళీ కడుపున ఆ మాత్రలు మింగకూడదని నువ్వే పుల్లమ్మకి చెబుతుంటే విన్నా. అందుకే ఏసుకోలా."

నేను నర్సుగా పనిచేసినదాన్ని. ఊరందరి నాడీ చూసేదాన్ని, నాలుక చూసేదాన్ని, ఎక్కడ నొప్పి, ఎట్లా ఉంది నొప్పి అని విసుగు లేకుండా అడిగేదాన్ని. ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో గోడ పట్టుకుని నడుస్తున్న మనిషిని మాత్రం ఆ మాట అడగలేదు. అమ్మ నోటి నుంచి నాకు కావలసింది జవాబు కాదు, మెప్పు. నిన్న సాయంత్రం నిజమా అని అడిగి నా మొహంలోకి ఎందుకు చూసిందో ఇప్పుడు తెలిసింది. ఇంత చదువు చదివి, ఇంత నోరు పెట్టుకుని, నా పరువు కోసం అమ్మ చేత దేవుడి ముందు అబద్ధం చెప్పించాను. ఆపైన ఆ వాచిన మోకాళ్ళ మీద మోకరించేట్టు చేశాను. సిగ్గుతో నా ఒళ్ళంతా కాలిపోయింది. అమ్మ పాదాలు పట్టుకుని, చర్చి వరండాలో, చిన్నపిల్లలా ఏడ్చాను.

అమ్మ గబగబా తన కొంగుతో నా మొహం తుడవబోయింది.

"కళ్ళు తుడుచుకోవే. పుల్లమ్మ వస్తంది. సూదులు పనిచెయ్యలేదనుకుంటది."

పుల్లమ్మ పిన్ని ఎడం చేత్తో గ్లాసు పట్టుకుని వచ్చేసింది. అమ్మకి నీళ్ళు తాగించి, నా వైపు తిరిగి, "రేపు పొద్దున్నే వస్తా అమ్మాయ్. స్నానం చేసే వస్తాలే" అంది.

"రా పిన్నీ. నీ చెయ్యి లేస్తోంది కాబట్టి రా" అన్నాను. "కానీ అమ్మకి నా సూదులతో తగ్గలేదు. ఒక్క రోజు కూడా తగ్గలేదట. తగ్గిందని నేనే చెప్పించాను."

అమ్మ కొంగు చాటున నా చెయ్యి గట్టిగా గిల్లింది.